వాడే చెప్పాడు కదా, మళ్ళీ మీరెందుకు?

ఈ మెసేజ్ నాకు ఇప్పటికి తొమ్మిదిసార్లో పదిసార్లో వచ్చింది. అమెరికాలో ఏ మూల ఏ చర్చిలో కాల్పులు జరిగినా వారం తిరక్కుండా ఫోన్లో దిగుతుంది. మొదట హైదరాబాద్ నుంచి బావగారు పంపారు. తర్వాత ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో డాలస్‌లో ఉండే మావాడు పెట్టాడు, కింద మళ్ళీ "మస్ట్ రీడ్ మామా" అని. నాలుగు రోజుల కింద గుంటూరు నుంచి పిన్ని. పైన చేతులు జోడించిన బొమ్మ, కింద "చార్లెస్టన్ చర్చి హత్యలు: మీడియా దాచిన 7 నిజాలు".

2015 జూన్ 17 రాత్రి దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో, నల్లవాళ్ళ చర్చిలో బైబిల్ స్టడీకి వచ్చి కూర్చుని, డిలన్ రూఫ్ అనే తెల్లకుర్రాడు తొమ్మిదిమందిని కాల్చి చంపాడు, ఆ సంగతి ఇది. మెసేజ్ చదవనివాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళ కోసం క్లుప్తంగా. ఒకటి, వాడొక మెంటల్ పేషెంటు, దీనికీ జాతికీ సంబంధం లేదు. రెండు, ఇది క్రైస్తవ మతం మీద దాడి. మూడు, వాడు తుపాకీ చట్టప్రకారమే కొన్నాడు కాబట్టి ఏ చట్టమూ ఆపగలిగేది కాదు. నాలుగు, లోపల ఒక్కరి దగ్గర తుపాకీ ఉన్నా తొమ్మిది ప్రాణాలు నిలిచేవి, ఉండనివ్వనిది ఆ పాస్టరే. ఐదు, ఒక్కడి తప్పుకు కాన్ఫెడరేట్ జెండా దించేసి చరిత్ర చెరిపేశారు. ఆరు, పోలీసులు వాడికి బర్గర్ కొనిపెట్టారు, అంటే అంతా నాటకం. ఏడు, చనిపోయినవాళ్ళ కుటుంబాలే రెండు రోజుల్లో క్షమించేశాయి, ఇంకా అరిచేవాళ్ళది రాజకీయం. చివర్లో ఉచిత సలహా: కొత్తవాళ్ళను మీ మందిరాల్లోకి రానివ్వకండి, పదిమందికి పంపండి.

నేను ఉత్తర కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాను. మర్నాడు వాణ్ణి పట్టుకున్న షెల్బీ అనే ఊరు మా ఇంటికి గంట దూరం. పూలకొట్టు పనికి వెళ్తున్న ఒకావిడ కారు చూసి అనుమానపడి ఫోన్ చేయబట్టి దొరికాడు. ఆ దారిలో ఎప్పుడు వెళ్ళినా నాకు ఇదే గుర్తొస్తుంది, అందుకే ఈసారి నోరు మూసుకోలేకపోయాను.

ముందు బర్గర్ సంగతి తేల్చేద్దాం. అవును, స్టేషన్లో ఆకలేస్తోందంటే తిండి పెట్టారు, నిజమే. అరెస్టయినవాడికి తిండి పెట్టకపోతే కదా అడగాలి. దానికీ నాటకానికీ ఏం సంబంధమో రాసినవాడికే తెలియాలి. మీకు నిజంగా మండాల్సింది వేరే ఉంది. దానికి రెండు నెలల ముందే, 2015 ఏప్రిల్ 4న, చార్లెస్టన్‌ను ఆనుకునే ఉన్న నార్త్ చార్లెస్టన్‌లో కారు బ్రేక్ లైటు వెలగలేదని ఒక నల్లజాతి మనిషిని ఆపి, అతను పరిగెత్తుతుంటే పోలీసు వెనక నుంచి వీపులో కాల్చి చంపాడు. తొమ్మిదిమందిని చంపినవాణ్ణి ఒక్క తూటా పేలకుండా పట్టుకోవడం వచ్చు అన్నమాట. బర్గర్ గురించి బాధపడేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని బాధపడండి.

ఇక మొదటి పాయింటు. ఇక్కడ నాదీ ఒక తప్పుంది. జూన్ 18 పొద్దున ఆఫీసు బ్రేక్‌రూంలో టీవీ చూస్తూ "ఎవడో పిచ్చోడు" అన్నది నేనే. పక్కన కాఫీ కలుపుకుంటున్న మా టీంలో ఆవిడ, నల్లజాతి ఆవిడ, చెంచా తిప్పడం ఆపి ఒక్కసారి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ చూపు ఎందుకో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది, అప్పటికి వాడి వెబ్‌సైటు బయటపడింది.

వాడు దాచలేదండీ. అసలు నా గోలంతా ఇదే. ఎందుకు చేశాడో వాడే రాసిపెట్టాడు, నల్లవాళ్ళ మీద ద్వేషం పేజీల కొద్దీ, చార్లెస్టన్‌నే ఎందుకు ఎంచుకున్నాడో కూడా. ఎఫ్‌బీఐ వాళ్ళ ముందు కూర్చుని, కెమెరా నడుస్తుండగా, మధ్యమధ్యలో నవ్వుతూ ఒప్పుకున్నాడు. కాలుస్తూ కూడా, మీరు మా ఆడవాళ్ళను పాడుచేస్తున్నారు, మా దేశాన్ని ఆక్రమిస్తున్నారు అన్నాడని బతికినవాళ్ళు కోర్టులో చెప్పారు. ఫిబ్రవరిలోనే ఆ చర్చికి ఫోన్ చేశాడు, తర్వాత పలుమార్లు కారేసుకుని వచ్చి చూసుకున్నాడు. జడ్జి రెండుసార్లు విచారణ పెట్టి, విచారణకు తగిన మానసిక స్థితిలోనే ఉన్నాడని తేల్చాడు. తనవైపు లాయర్లు మానసిక ఆరోగ్యం సంగతి ఎత్తుతారేమోనని శిక్ష ఖరారు దశలో వాళ్ళను పక్కనపెట్టి తనే వాదించుకున్నాడు, జ్యూరీ ముందు నిలబడి నా మానసిక స్థితిలో ఏ లోపమూ లేదన్నాడు. ఇంత కష్టపడి మొత్తుకుంటుంటే, లేదు బాబూ నీకు జబ్బు, నీకు తెలియట్లేదు అని వాడి తరఫున వాదించడానికి అమీర్‌పేట నుంచి మా బావగారు.

ఇంకోటి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథేలో, బార్లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీరును, మా దేశం నుంచి పొండి అని అరిచి ఒకడు కాల్చి చంపాడు. ఆ రాత్రి ఇదే బ్యాచ్ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు, నాకు గుర్తుంది. బయట తెలుగులో మాట్లాడొద్దని, రాత్రిళ్ళు ఒంటరిగా తిరగొద్దని ఒకరికొకరు జాగ్రత్తలు. ఆ రోజు ఒక్కడంటే ఒక్కడు "వాడు మెంటల్ పేషెంటు, జాతికి సంబంధం లేదు" అని ఫార్వర్డ్ చేశాడా? మనవాడు పోతే విద్వేషం, నల్లవాళ్ళు పోతే పిచ్చి. డాలస్ మామా, నీకే చెప్తున్నా.

రెండో పాయింటుకు రెండు రూపాలున్నాయి, అది చూసి నాకు నవ్వొచ్చింది కూడా. పిన్ని వాళ్ళ చర్చి గ్రూపు కాపీలో "క్రైస్తవ మతం మీద దాడి" అని ఉంది. బ్యాచ్ గ్రూపు కాపీలో అదే చోట "చర్చిలో కూర్చున్నా కాపాడని దేవుడు" అని ఉంది. మిగతా ఆరూ అక్షరం తేడా లేదు. ఎవరికి ఏది కావాలో అది. మతం మీద దాడే అయితే వాడు వచ్చే దారిలో తెల్లవాళ్ళ చర్చిలు కనపడలేదా? రాష్ట్రం మధ్యలో ఉన్న కొలంబియా అనే ఊరి వైపు నుంచి రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, నల్లవాళ్ళు కట్టుకున్న చర్చినే వెతుక్కున్నాడు. అదీ ఎలాంటి చర్చి? మదర్ ఇమాన్యుయేల్ అంటారు దాన్ని. బానిసల తిరుగుబాటుకు పథకం వేశాడని 1822లో ఉరితీసిన డెన్మార్క్ వెసీ ఆ సంఘం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. అతనితోపాటు ముప్పైమందికి పైగా ఉరి. చర్చిని నేలమట్టం చేశారు. 1834లో ఊళ్ళో నల్లవాళ్ళ చర్చిలన్నీ నిషేధిస్తే, అంతర్యుద్ధం ముగిసేదాకా దొంగచాటుగా ప్రార్థన చేసుకున్నారు. 2012లో విస్కాన్సిన్ గురుద్వారాలో, 2018లో పిట్స్‌బర్గ్ యూదుల ప్రార్థనాలయంలో కాల్చినవాళ్ళదీ ఇదే తెల్లజాతి పిచ్చి. మూడు చోట్లా దేవుళ్ళు వేరు. ఉమ్మడిగా ఉన్నదేమిటో కనుక్కోవడం పెద్ద కష్టమేం కాదు.

మూడోది, చట్టప్రకారం కొన్నాడు, ఏ చట్టమూ ఆపలేదు. ఇది పచ్చి అబద్ధం, కానీ చాలామంది నిజమనుకునే అబద్ధం. వాడు డ్రగ్స్ కేసులో పట్టుబడి, నావేనని ఒప్పుకుని ఉన్నాడు. ఆ ఒప్పుకోలు కళ్ళబడితే తుపాకీ అమ్మకూడదు. ఏప్రిల్లో కొట్టుకు వెళ్ళినప్పుడు ఎఫ్‌బీఐ చెకింగ్‌లో అరెస్టు సంగతి కనిపించింది కూడా. వివరాల కోసం అక్కడి ఉద్యోగిని కౌంటీ వాళ్ళను అడిగింది, వాళ్ళు మాది కాదు కొలంబియా పోలీసులను అడగమన్నారు, ఆవిడ దగ్గరున్న లిస్టులో కొలంబియా లేదు, వెస్ట్ కొలంబియా ఉంది, వాళ్ళను అడిగితే మాకు తెలియదన్నారు. ఈలోపు మూడు పనిదినాలు అయిపోయాయి. మూడు రోజుల్లో కాదు అని జవాబు రాకపోతే అమ్ముకోవచ్చు, అది అక్కడి రూలు. అమ్మారు. మనదగ్గర రేషన్ కార్డులో పేరు మార్చడానికి ఎమ్మార్వో ఆఫీసులో ఫైలు టేబుల్ టేబుల్ తిరిగినట్టు తిరిగి, చివరికి ఫైలు తేలకపోయినా పని మాత్రం అయిపోయింది, అదీ తుపాకీ. అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీయే జూలైలో బయటికొచ్చి, ఆ తుపాకీ వాడికి అందకుండా ఉండాల్సింది అని ఒప్పుకున్నాడు. 2021లో అమెరికా న్యాయశాఖ బాధితులకు 8 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చి కేసు రాజీ చేసుకుంది. ఏ చట్టమూ ఆపలేకపోతే ఆ డబ్బు దేనికిచ్చారు, దసరా మామూలా?

నాలుగోది చూస్తే మాత్రం నాకు చేతులు వణుకుతాయి, కోపంతో. చనిపోయిన మనిషి మీద చావుల నింద వేయడం. ఆ పాస్టర్ పేరు క్లెమెంటా పింక్నీ, 41 ఏళ్ళు, రాష్ట్ర సెనేటర్ కూడా. చర్చిల్లోకి తుపాకులు తెచ్చుకోనిచ్చే బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడు కాబట్టి ఈ చావులు ఆయన పుణ్యమేనని మొదట రాసింది మన వాట్సాప్ మేధావులు కాదు, అమెరికా తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏ బోర్డు సభ్యుడొకడు, హత్యలు జరిగిన రోజుల్లోనే. మనవాళ్ళు తెలుగులోకి దింపుకున్నారంతే.

ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే నేనూ ఆ మెసేజ్ రాసినవాడూ ఒకటే అవుతాం. తుపాకీ ఎప్పుడూ పనికిరాదని కాదు. 2019 డిసెంబర్‌లో టెక్సస్‌లో వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో ఒకడు ఆరాధన మధ్యలో లేచి కాల్చడం మొదలుపెడితే, కాపలాకు కూర్చున్న వాలంటీరు ఆరు సెకన్లలో వాణ్ణి పడగొట్టాడు. అది జరిగింది, వీడియో ఉంది, అతను లేకపోతే ఇంకెంతమంది పోయేవాళ్ళో. నేను చాలాకాలం దాన్ని వాదనల్లో ఎత్తకుండా తప్పించుకున్నాను. కానీ ఆ వీడియో చివరిదాకా చూడండి. ఆ పడగొట్టినాయన తుపాకీ కాల్చడం నేర్పే శిక్షకుడు, వెనక కూర్చుని అనుమానాస్పదంగా ఉన్న వాణ్ణి ముందునుంచీ కనిపెడుతూనే ఉన్నాడు. అయినా ఇద్దరు పోయారు, అందులో ఒకరు తన తుపాకీ తీయబోతూ పోయారు.

ఇప్పుడు చార్లెస్టన్ రండి. బుధవారం రాత్రి, నేల అంతస్తులో చిన్న హాలు, వాడితో కలిపి పదమూడుమంది. పాస్టర్ పక్కనే కుర్చీ ఇచ్చారు, చేతికి బైబిలు ఇచ్చారు. మార్కు సువార్త నాలుగో అధ్యాయం, విత్తువాని ఉపమానం. ముప్పావు గంట దాకా కూర్చుని విన్నాడు. చివరి ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నాక తీశాడు. మొదట పాస్టర్‌నే. మిగిలినవాళ్ళలో 87 ఏళ్ళ పెద్దావిడ, లైబ్రరీలో పనిచేసే ఆవిడ, మనవరాలితో వచ్చిన ఒకావిడ. వీళ్ళలో ఎవరు, ఏ చేత్తో, కళ్ళు మూసుకుని తీసి కాల్చాలి బావగారూ? ఒక 26 ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు, అతను వాడితో మాట్లాడాడు, నువ్విది చేయనక్కర్లేదు అని. అతన్నీ చంపాడు. ఇంతకీ అప్పటి దక్షిణ కరోలినా చట్టం చర్చిలో తుపాకీ పూర్తిగా నిషేధం అనలేదు, చర్చి పెద్దలు ఒప్పుకుంటే తెచ్చుకోవచ్చు. బుధవారం బైబిల్ స్టడీకి ఎవరైనా అడుగుతారా?

జెండా గురించి రెండు ముక్కలు. అది బానిసత్వం నిలుపుకోవడానికి యుద్ధం చేసి ఓడిపోయిన పక్షం జెండా. శాసనసభ మీద ఎగరేసింది ఆ యుద్ధంలో కాదు, దాదాపు వందేళ్ళ తర్వాత, 1961లో, నల్లవాళ్ళు హక్కులడుగుతున్న రోజుల్లో. హత్యల తర్వాత దేశం జెండా, రాష్ట్రం జెండా సగానికి దించారు, ఇది మాత్రం పైనే ఉంది, ఎందుకంటే సభ ఓటేయకుండా ముట్టుకోకూడదని చట్టం. పింక్నీ శవపేటికను శాసనసభలో ఉంచిన రోజు, కిటికీలోంచి ఆ జెండా కనపడకుండా నల్లగుడ్డ కట్టారు. చరిత్ర చెరిపేయడం అంటే బాధపడేవాళ్ళకు ఆ నల్లగుడ్డ చాలు అనుకుంటా. జూలై 10న దించారు. అప్పటి గవర్నరమ్మ, మన భారత సంతతి నిక్కీ హేలీ దించేసిందని గర్వపడే వేరే మెసేజ్ కూడా వస్తుంది నాకు. ముందు ఏడాది ఎన్నికల చర్చలో ఏ కంపెనీ సీఈవో కూడా ఆ జెండా గురించి నాతో ఒక్క మాటా మాట్లాడలేదు అన్నదీ ఆవిడే, అది ఆ మెసేజ్‌లో ఉండదు.

ఇప్పుడు అసలుదానికి వద్దాం. ఏడోది. చదివినవాళ్ళకు మంచిమాటలా కనిపిస్తుంది, అందుకే అన్నిటికంటే విషం దీన్లోనే ఉంది.

జూన్ 19న బెయిల్ విచారణ. వాడు జైల్లో కెమెరా ముందు, కుటుంబాలవాళ్ళు కోర్టు గదిలో. అప్పటికి ఒక్కరి అంత్యక్రియలు కూడా కాలేదు. జడ్జి మొదలుపెట్టడమే, వాడి కుటుంబం కూడా బాధితులేనని మొదలుపెట్టాడు. తర్వాత ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు. తల్లి పోయిన ఒక కూతురు లేచి, ఇక మా అమ్మతో ఎప్పటికీ మాట్లాడలేను, అయినా నిన్ను క్షమిస్తున్నాను అంది. ఏడుస్తూ. అది ప్రపంచమంతా చూసింది, నేనూ చూశాను, కారు పక్కకి ఆపుకుని చూశాను. అంత పెద్ద మాట నాకు జన్మలో నోటికి రాదు.

కానీ అదే గదిలో మాట్లాడిన ఇంకో ఆవిడ, తోబుట్టువు పోయిన ఆవిడ, నాకు చాలా కోపంగా ఉంది అంది. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. క్షమించానన్న కూతురికి ఒక అక్క ఉంది, అదే తల్లి కడుపున పుట్టిన అక్క. ఆవిడకు ఆ మాట అనడానికి రెండేళ్ళు దాటింది. కొడుకు పోయిన తల్లి ఒకావిడ, కాల్పుల్లో మనవరాల్ని కింద పడుకోబెట్టి కదలకుండా అదిమి పట్టుకుని బతికించుకున్న ఆవిడ, శిక్ష వేసిన రోజు కోర్టుకు తన బైబిలు తెచ్చింది. తూటా దూరింది, రక్తం మరకలు ఇంకా పోలేదు. తొమ్మిది కుటుంబాలు, తొమ్మిది రకాల దుఃఖం. మెసేజ్ రాసినవాడు మాత్రం అందరికీ కలిపి ఒకటే సంతకం పెట్టేశాడు.

క్షమించారు కాబట్టి గొడవ వద్దు అంటారా? క్షమించిన కుటుంబాలే ప్రభుత్వం మీద కేసు వేశాయి. పైన చెప్పిన ఆ 8 కోట్ల 80 లక్షలు వాళ్ళే ఐదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి తెచ్చుకున్నవి. మూడు రోజుల రూలు మార్చమని ఇప్పటికీ అడుగుతున్నారు. మార్చే బిల్లు వాషింగ్టన్లో దిగువసభ 2019లో ఒకసారి, 2021లో ఒకసారి పాస్ చేసింది, సెనేట్లో ఆగిపోయింది. దక్షిణ కరోలినాలో పింక్నీ పేరు పెట్టి విద్వేష నేరాల బిల్లు తెచ్చారు, అదీ అక్కడి సెనేట్లోనే ఇరుక్కుంది, ఆయన కూర్చున్న సెనేట్లోనే. అంటే వాళ్ళు వాణ్ణి క్షమించారు, రూలును క్షమించలేదు. ఈ రెండూ ఒకటే అని చెప్పేవాడికి కావాల్సింది క్షమ కాదు, నిశ్శబ్దం. కొట్టించుకున్నవాడు సహనంగా ఉన్నాడని కొట్టినవాడి తరఫువాళ్ళు మెచ్చుకోవడం మన ఊళ్ళలో మనం చూడలేదా ఏంటి? "వాళ్ళు చాలా మంచోళ్ళండీ, గొడవ చేయరు" అని పంచాయతీలో అనే పెద్దమనిషి గుర్తొచ్చాడు నాకు.

చివర్లో ఆ ఉచిత సలహా, కొత్తవాళ్ళను రానివ్వకండి అన్నది. ఇది చెప్దామనే పిన్నికి ఫోన్ చేశాను. వాళ్ళ చర్చిలో కూడా బుధవారమే బైబిల్ స్టడీ. ఆ రాత్రి ఏ వాక్యం చదువుతున్నారో చెప్పాను, విత్తువాడు విత్తుటకు బయలువెళ్ళెను అని తనే అందుకుంది. వారం తిరక్కుండా జూన్ 24న, మళ్ళీ బుధవారం, అదే హాల్లో బైబిల్ స్టడీ పెట్టారు పిన్నీ, ఆ రోజు వచ్చినవాళ్ళలో సగం మంది కొత్తవాళ్ళే అయ్యుంటారు, ఊరు ఊరంతా వచ్చింది అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా దాంట్లో కొత్తవాళ్ళొస్తే ముందు కుర్చీ ఇస్తాం నాన్నా, అది మానేయమని రాశాడా దాంట్లో? నేను అంతదాకా చదవలేదు, పైన బొమ్మ బాగుందని పంపా" అంది.

సరే తీసెయ్ పిన్నీ గ్రూపులోంచి అన్నాను. తీయడం ఎలాగో నేర్పించేసరికి పది నిమిషాలు పట్టింది. తీరా చూస్తే, అందరికీ పోయేలా తీసే టైము దాటిపోయింది, తన ఫోన్లోంచి మాత్రమే పోయింది.